నీటిగీతకి ఆరడుగుల పైన

హైదరాబాదు నించి వచ్చిన ప్లానులో
సర్వర్ గది కింది అంతస్తులో ఉంది,
మందుల కొట్టు పక్కన, మెట్ల చాటున.
చల్లగా ఉంటుందన్నారు, ఖర్చు కలిసొస్తుందన్నారు.
రికార్డుల సుబోధిని గారు ప్లాను చూళ్లేదు.
తాళాలగుత్తి తీసుకుని
"ఓసారి రండి" అన్నారు.

అల్లవరం రోడ్డు వైపు పాత గది.
సున్నం కింద సున్నం, దాని కింద
మడ్డిరంగు గీత ఒకటి
నా భుజం ఎత్తున గోడలన్నీ చుట్టింది.
"తొంభై ఆరు, నవంబరు.
నీళ్లు నిలబడి తీరిగ్గా గీసుకున్నాయి."

ఆ నీళ్లు తీశాక
కేసు షీట్లని డాబా మీద అప్పడాల్లా ఆరేశారట.
రాళ్లు దొరకని సీమ కదా,
పేజీకో ఇటుకముక్క బరువు.
కాయితం ఆరింది.
సిరా అప్పటికే సముద్రంలో ఉంది.

"ఓడలరేవు నించి ఒకావిడొచ్చి
నా బిడ్డకి ఏ సూది పడదో రాశారు కదమ్మా,
ఆ కాయితం ఇవ్వండి, కాకినాడ తీసుకెళ్తున్నాం అంటే
తెల్లకాయితం చేతిలో పెట్టానండి."
తర్వాతేమైందో ఆవిడ చెప్పలేదు.
నేను అడగలేదు.
ప్లాను చుట్టేశాను.

మళ్లీ మొదలు.
బోరు దింపితే
పదడుగులకి నల్లమట్టి, ముప్ఫైకి జారుడు బంక,
నలభైకి నత్తగుల్లలు,
డెబ్భైకి గానీ ఇసక బిగుసుకోలేదు.
మేస్త్రి యాళ్ల చిట్టబ్బులు
ఒక గుల్లని చెవికి ఆనించుకుని
"ఇది నేల కాదండీ,
సముద్రం దగ్గర గోదారి తీసుకున్న వాయిదా" అన్నాడు.

డెబ్భై అడుగుల కాళ్లు దింపాం.
గీతకి ఆరడుగుల పైన గది కట్టాం.
కిటికీ పెట్టలేదు. ఇక్కడి గాలి
ఉప్పు నంజుకుంటూ తిరుగుతుంది,
గేటు చువ్వ అయ్యాక రాగితీగ మీదికొస్తుంది.
జనరేటర్ని కప్పెక్కించాం,
వరదలో దూడని డాబా ఎక్కించినట్టు.
డీజిలు మూడ్రోజులకి చాలని కాయితంలో ఉంది.
అంబులెన్సు ఏసోబు చదివి
"రోడ్డు మునిగితే రావులపాలెం నించి
ట్యాంకరు ఐదోనాటికి గానీ రాదండీ. నడిపినోణ్ణి" అన్నాడు.
ఆరు రోజులకి పెంచాం.
ఏ కన్సల్టెంటూ ఆ లెక్క చెప్పలేదు.

రాత్రి రెండింటికి
ఇక్కడి ప్రతి అక్షరానికీ ఒక నకలు
తాళం బిగించుకుని
రాతినేల మీదున్న ఊరికి ప్రయాణం కడుతుంది.
నది లేని ఊరు. వెతికి వెతికి పట్టుకున్నాం.
నది లేని ఊరిని మావాళ్లు మెచ్చుకోగా
వినడం అదే మొదలు.

తలుపు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది.
వేలు పెడితే తెరుచుకుంటుంది, తొమ్మిదిమందికి.
బిగింపు సరిచూడ్డానికని
చిట్టబ్బులికి ఒక్కరోజు అనుమతి రాయబోయాం.
వేలు పెట్టాడు. ఎర్రదీపం.
పంచెకి తుడిచి పెట్టాడు. ఎర్రదీపం.
పది వేళ్లూ అయ్యాయి.
నలభయ్యేళ్ల సిమెంటు
ఆ వేళ్ల మీద ఒక్క గీతా మిగల్చలేదు.
"నీళ్లు గీసింది గోడమీద నిలిచిందండి,
దేవుడు గీసిందే పోయింది, ఆయ్" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

నిన్న పరీక్ష పెట్టాం.
వార్డులకి ముందే చెప్పి
కరెంటు మేమే తీసేశాం.
చీకటి. పదకొండు సెకన్లు.
పైన డాబా మీద దూడ అరిచింది.
తెరమీద వరసలు కదిలాయి.
"నా పేరు కొట్టండి" తలుపు అవతల నించి చిట్టబ్బులు.
షుగరు. ఎడమకంట్లో శుక్లం. సల్ఫా మందు పడదు.
"ఉన్నానాండీ?"
"ఉన్నారు."

అందరూ వెళ్లాక
సుబోధిని గారు కుర్చీ లాక్కుని
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
ఇంకో పేరు కొట్టారు. ఊరు, ఓడలరేవు.
తెర తెల్లగా ఉండిపోయింది.
కాసేపు దాన్నే చూసి
పాతగది తాళాలు నా బల్ల మీద పెట్టి
మెట్లు దిగారు.